పానగల్ పార్కులో సాయంత్రాలు

పోయిన సెమిస్టర్‌లో మా క్లబ్ వాళ్ళం ఒక షార్ట్ ఫిల్మ్ కోసం స్క్రిప్ట్ రాశాం. సినిమాల్లో నిజంగా రాసేవాళ్ళు ఎవరైనా ఒక్కసారి చదివి తప్పులు చెప్తే బాగుంటుందనిపించింది. పదకొండు మందికి మెసేజ్ పెట్టాం. ఇద్దరు చూశారు, జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. వాళ్ళని తప్పు పట్టడం లేదు, రోజుకి అలాంటివి ఎన్ని వస్తాయో వాళ్ళకి.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఈ సంగతి తాతయ్యకి చెప్పాను. ఆయన నవ్వి, ఒకప్పుడు మద్రాసులో ఒకాయన ఉండేవారని, ఆయన్ని కలవడానికి అపాయింట్‌మెంట్ అక్కర్లేదని, సాయంత్రం పార్కుకి వెళ్తే చాలని చెప్పారు. ఆయనే మల్లాది రామకృష్ణశాస్త్రి గారు. నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆ పేరు నేను వినలేదు. ఆయన పాటలు మాత్రం ఆయనవని తెలియకుండానే విన్నాను.

మల్లాది వారు 1905 జూన్ 16న కృష్ణా జిల్లా చిట్టూర్పులో పుట్టారు. చదువు బందరులో. ఒకపక్క కాలేజీ చదువు, ఇంకోపక్క పండితుల దగ్గర వేదం, సంస్కృతం. అంటే ఇంగ్లీషూ వచ్చు, శాస్త్రమూ వచ్చు. ఇంకా చాలా భాషలు నేర్చుకున్నారట. ఇంత చదివినాయన గ్రాంథికంలో బరువైన పుస్తకాలు రాసి ఉంటారనుకున్నాను. తీరా చూస్తే ఆయన రాసింది కథలు. భారతి లాంటి పత్రికల్లో వచ్చాయి. అందులో కృష్ణా తీరం పల్లెల్లో మనుషులు మాట్లాడుకునే తెలుగు ఉంటుంది. కృష్ణాతీరం అనే పేరుతో ఆయన నవల కూడా ఉంది.

నేను ఒకటో క్లాసు నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవగలను కానీ వేలు పెట్టుకుని చదివే రకం. ఆయన కథ ఒకటి మొదలుపెడితే నాలుగు పేజీలకి గంటన్నర పట్టింది. డిక్షనరీలో దొరకని మాటలు తాతయ్య దగ్గర దొరికాయి. మూడోసారి చదివాక గానీ ఆ వాక్యాల్లో ఉన్న చమత్కారం నాకు పట్టుబడలేదు. కోడ్ అయినా అంతే కదా, బాగా రాసింది మొదటిసారి చదివితే అర్థం కాకపోవచ్చు గానీ అర్థమయ్యాక ఒక్క అక్షరం కూడా తీసెయ్యలేం.

1940లలో ఆయన మద్రాసు వెళ్ళారు. మాలపిల్ల, రైతుబిడ్డ తీసిన గూడవల్లి రామబ్రహ్మం గారు పిలిచారంటారు. అప్పుడు తెలుగు సినిమా అంతా మద్రాసులోనే. అక్కడ సముద్రాల రాఘవాచార్య గారు పెద్ద రచయిత, మల్లాది వారికి మంచి స్నేహితుడు. ఆ రోజుల్లో మల్లాది వారు తెర మీద పేరు లేకుండా చాలా రాశారని సినిమా చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. 1953లో వచ్చిన దేవదాసు పాటల్లో ఆయన చెయ్యి ఎంత ఉందన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అది తేల్చడం నా వల్ల కాదు. తర్వాత ఆయన పేరుతోనే సినిమాలు వచ్చాయి. 1955లో రేచుక్క, 1956లో చిరంజీవులు, 1959లో జయభేరి. రేచుక్క పాటలు వింటే జానపదుల నోట పుట్టినట్టుంటాయి, జయభేరి పాటలు వింటే కచేరీలో కూర్చున్నట్టుంటుంది. రెండూ ఒకే మనిషి రాశారంటే నమ్మడం కష్టం.

ఇక తాతయ్య చెప్పిన పార్కు సంగతి. మద్రాసు టి.నగర్‌లో పానగల్ పార్కు ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన తెలుగువాడు పానగల్ రాజా గారి పేరు పెట్టారు దానికి. సినిమా వాళ్ళు చాలామంది ఆ చుట్టుపక్కలే ఉండేవాళ్ళు. సాయంత్రమైతే మల్లాది వారు ఆ పార్కుకి వచ్చి కూర్చునేవారు. చుట్టూ కొత్తగా సినిమాల్లోకి వచ్చిన కుర్రాళ్ళు, రచయితలు, సాహిత్యం మీద ఇష్టం ఉన్నవాళ్ళు చేరేవాళ్ళు. ఎవరికే సందేహం ఉన్నా అడగొచ్చు. పద్యం కావచ్చు, ఒక మాటకి అర్థం కావచ్చు. ఫీజు లేదు, సిలబస్ లేదు, సర్టిఫికెట్ అసలే లేదు. పగలంతా డబ్బుకి రాసినాయన సాయంత్రం డబ్బు లేకుండా చెప్పేవారు. ఇప్పుడు మనం మెంటర్‌షిప్ ప్రోగ్రాం అంటున్నదానికి ఆయన పేరు కూడా పెట్టలేదన్నమాట.

1965లో ఆయన పోయారు. అప్పటికి 60 ఏళ్ళు.

ఇక్కడ నాకొక చిక్కు వచ్చింది. పేరు లేకుండా రాయడం గొప్ప అని చాలామంది అంటారు. నేను అలా అనలేను. పోయినేడాది ఒక టీమ్ ప్రాజెక్టులో నేను నెల రోజులు కూర్చుని రాసిన భాగం డెమోలో నడిచింది, స్లైడ్ మీద నా పేరు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మల్లాది వారికి బాధ అనిపించలేదా? ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసు. తాతయ్యని అడిగితే, ఇచ్చినదానికీ లాక్కున్నదానికీ తేడా ఉందిరా అన్నట్టు మాట్లాడారు. స్నేహితుడికి రాసిపెట్టడం ఒకటి, మన పేరు మనకి చెప్పకుండా చెరిపెయ్యడం ఒకటి. సరే, ఒప్పుకున్నాను. కానీ రాసినవాళ్ళ పేరు రాసిన చోట ఉండాలనే ఇప్పటికీ అనుకుంటాను.

పార్కు విషయంలో మాత్రం నాకు ఏ చిక్కూ లేదు. అక్కడ ఆయన పేరు ఎవరూ చెరపలేదు. 60 ఏళ్ళ తర్వాత మా తాతయ్య నోటికి ముందుగా వచ్చింది సినిమా పేరు కాదు, పార్కు పేరు.

ఈ వ్యాసం రాస్తూ ఉండగా ఒకటి గుర్తొచ్చింది. ఆగస్టులో ఒక ఫస్టియర్ జూనియర్ తన కథ పంపి చూడమన్నాడు. నేను చూశాను, అంటే మెసేజ్ చూశాను. ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్ ఉందని, నాకే సరిగ్గా రాదని, తర్వాత చూద్దామని వదిలేశాను. పదకొండు మంది మమ్మల్ని వదిలేశారని ఏడ్చిన మనిషినే.

మొన్న ఆ కథ తెరిచి చదివాను. మూడు చోట్ల గుర్తులు పెట్టి పంపాను, ఆలస్యానికి సారీ కూడా చెప్పాను. శుక్రవారం ఐదింటికి క్యాంటీన్ వెనక వేపచెట్టు దగ్గర కూర్చుందామన్నాను. వాడు ఇంకో ఇద్దరిని తీసుకొచ్చాడు. నాకు తెలిసింది తక్కువే, ఒక సందేహానికైతే అక్కడే తాతయ్యకి ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. వచ్చే శుక్రవారం కూడా ఉంటాం. కథో, పాటో, సగం రాసి ఆపేసిన స్క్రిప్టో ఏది ఉన్నా పట్టుకుని రండి.