వేయిదీపాల బడిలో ఒక అణా అన్నం
(సర్ పిట్టి త్యాగరాయ చెట్టి జీవిత సంగ్రహము)

మద్రాసులోని త్యాగరాయనగరం పేరు విననివారు అరుదు. పట్టుచీరల కోసం అచటికి వెళ్లినవారిలో ఆ పేరుగల మహనీయుని తలచుకొన్నవారు ఎందరో మేము చెప్పలేము. ఆ నగరవీధుల కంటె విలువైన దొకటి ఆయన మనకు విడిచిపోయినారు. అది బడిపిల్లవాని చేతిలోని అన్నపుముద్ద.

త్యాగరాయ చెట్టిగారు 1852లో తెలుగు మాతృభాషగా గల దేవాంగ కుటుంబంలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రులై, నేతపరిశ్రమను వృత్తిగా స్వీకరించారు. మగ్గం ముందు కూర్చుండు వాని ఆకలి ఎట్టిదో ఆ వృత్తిలోనివారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1916లో టి.ఎం. నాయర్, నటేశ మొదలియారు గార్లతో కలిసి జస్టిస్ పార్టీని స్థాపించారు. 1920 ఎన్నికలలో ఆ పక్షం గెలిచినపుడు మంత్రివర్గ నాయకత్వం తమ ముంగిటికి వచ్చినను ఆయన స్వీకరించలేదు. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షపదవిని మాత్రం శ్రద్ధతో నిర్వహించారు.

నగరంలో వేయిదీపాలు అనే పేట ఉన్నది. అచటి మసీదు ప్రాంగణాన్ని వెలిగించుటకు వేయి దీపాలు కావలసివచ్చెడివని, అందుచే ఆ పేరు వచ్చెనని ప్రతీతి. ఆ పేటలోని కార్పొరేషన్ పాఠశాలకు వచ్చే బాలురు నిరుపేదలు. కడుపు మాడుచుండగా బడికి రాలేక పలువురు మానుచుండిరి. 1920 సెప్టెంబరు 16న కార్పొరేషన్ సభ ఆ పిల్లలకు అల్పాహారం పెట్టుటకు అనుమతించింది. వ్యయం తలకు దినానికి ఒక అణా మించరాదు. అణా అనగా రూపాయిలో పదునారవ వంతు.

పిదప మరి నాలుగు పాఠశాలలకు ఈ ఏర్పాటు విస్తరించింది. ఆ బడులలో 1922-23లో 811గా ఉన్న విద్యార్థుల సంఖ్య 1924-25 నాటికి 1,671 అయింది. ఇంత ఫలితం కనిపించినను, ప్రాథమిక విద్యానిధిని తిండికి వెచ్చించరాదని ప్రభుత్వం ఆక్షేపించింది. 1925 ఏప్రిల్‌లో ఆ అన్నం ఆగిపోయింది. ఆ సంవత్సరమే త్యాగరాయ చెట్టిగారు కన్నుమూశారు. కొద్ది యేళ్లకే కార్పొరేషన్ ఆ పథకాన్ని మరల ప్రారంభించినను, చూచుటకు ఆయన లేరు.

అన్నం విద్యలో భాగమా, కాదా అన్నదే ఆనాటి వివాదం. దానికి కాలమే తీర్పు చెప్పింది. 1950వ దశకంలో కామరాజ్ గారు మద్రాసు రాష్ట్రమంతటా బడిభోజనం పెట్టించారు. 1982లో ఎం.జి. రామచంద్రన్ గారు దానిని మరింత విస్తరింపజేశారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ప్రతి బిడ్డకు కనీసం 300 కేలరీలు, 8 నుండి 12 గ్రాముల మాంసకృత్తులు గల వండిన భోజనం ఏడాదికి 200 దినములు తగ్గకుండా పెట్టవలెనని ఆదేశించింది. మన తెలుగునేలపై బడులలో మధ్యాహ్నపు గంట మ్రోగగానే పళ్లెములు పట్టుకొని వరుసలో నిలుచు పిల్లలు ఆ తీర్పు ఫలమే అనుభవించుచున్నారు.

రేపు మన విద్యార్థులలో కొందరు ఉపాధ్యాయులు, కొందరు అధికారులు కాగలరు. లెక్కల పుస్తకంలో పిల్లవాని అన్నాన్ని ఏ పద్దు క్రింద వ్రాయవలెనను ప్రశ్న ఎదురైన దినమున, వేయిదీపాల బడిని వారు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక యని మేము ఆశించుచున్నాము.