కత్తెర పట్టిన కథకుడు

బదిలీ ఆర్డరు వచ్చిందంటే మన ఇళ్ళలో ముందుగా అట్టపెట్టెలు బయటికి వస్తాయి. పుస్తకాలు, గిన్నెలు, సైకిళ్ళు లారీ ఎక్కుతాయి. కిటికీలోంచి కనిపించే వేపచెట్టు, పక్క క్వార్టర్‌లోని నేస్తం, బడి గేటు దగ్గరి జామకాయల బండి మాత్రం ఏ పెట్టెలోనూ పట్టవు. వాటిని వెంట తీసుకెళ్ళడం ఎలా? ఈ ప్రశ్నకు మాకు ఒక పెద్దాయన జీవితంలో జవాబు దొరికింది. ఆయనే అందవిహీనమైన బాతుపిల్ల కథ రాసిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్.

ఆండర్సన్ 1805 ఏప్రిల్ 2న డెన్మార్క్ దేశంలోని ఓడెన్స్ పట్టణంలో పుట్టారు. తండ్రి చెప్పులు కుట్టేవారు. తల్లి ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికేవారు. ఇల్లంటే ఒక్కటే గది. పడక, వంట, చెప్పుల పని అన్నీ అందులోనే. అయినా ఆ గది గోడల నిండా బొమ్మలుండేవి. తండ్రి చేసి ఇచ్చిన చిన్న బొమ్మల రంగస్థలం ఆయనకు ప్రాణం. ఆ బొమ్మలకు గుడ్డపేలికలు కత్తిరించి బట్టలు కుట్టేవారు. కత్తెర అప్పుడే చేతికి అలవాటైంది.

1816లో తండ్రి చనిపోయారు. 1819లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఆండర్సన్ ఒంటరిగా రాజధాని కోపెన్‌హాగన్ చేరారు. నటన, పాట, నాట్యం అన్నీ ప్రయత్నించారు. ఏదీ కుదరలేదు. అప్పుడు నాటకశాల పెద్దల్లో ఒకరైన యోనాస్ కొలిన్ ఆయనలోని తెలివిని గమనించి, ప్రభుత్వ సహాయంతో 1822లో స్లాగెల్స్ అనే ఊరి బడిలో చేర్పించారు. పదిహేడేళ్ళ ఆ పొడగరి తనకంటే ఎంతో చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. కొత్త బడిలో మొదటి రోజు ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆయనకు మనకంటే బాగా తెలుసు.

1835లో ఆయన మొదటి పిల్లల కథలు అచ్చయ్యాయి. క్రమంగా పేరు దేశదేశాలకు పాకింది. కానీ సొంత ఇల్లు మాత్రం ఎన్నడూ లేదు. అద్దె గదులు, హోటళ్ళు, స్నేహితుల ఇళ్ళు, ఇవే ఆయన చిరునామాలు. అరవై ఏళ్ళు దాటాకగాని సొంత సామాను కొనుక్కోలేదు. విదేశాలకు సుమారు ముప్పై సార్లు వెళ్ళారు. ఇటలీ, గ్రీసు, కాన్‌స్టాంటినోపుల్, ఇంగ్లండు అన్నీ చూశారు. హోటల్లో నిప్పు అంటుకుంటే కిటికీలోంచి దిగడానికి పెట్టెలో ఒక తాడు ఉంచుకునేవారు. తాడుతోపాటు కత్తెర కూడా ఆయన వెంటే ఉండేది.

పిల్లలు చుట్టూ చేరితే చాలు, కాగితం మడిచి, కథ చెబుతూనే కత్తిరించేవారు. చివర్లో మడత విప్పితే హంసలో, నాట్యకత్తెలో, గాలిమర మనిషో బయటపడేవారు. మడత మీద కత్తిరించడం వల్ల కుడి ఎడమలు ఒకదానికొకటి సరిగ్గా సరిపోయేవి.

కొలిన్ గారి అల్లుడు అడాల్ఫ్ డ్రూసెన్‌తో కలిసి ఆయన పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు కూడా తయారుచేశారు. అలాంటిదే 1859లో డ్రూసెన్ మనవరాలు క్రిస్టీన్‌కు ఇచ్చిన పుస్తకం. పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు, ఆండర్సన్ కత్తిరించిన కాగితపు ఆకారాలు, నడుమ చిన్న చిన్న పద్యాలు అందులో ఉంటాయి. ఎక్కడెక్కడివో బొమ్మలు ఒకే పుటలో పక్కపక్కన చేరి కొత్త కథ చెబుతాయి. నేడు మనం స్క్రాప్‌బుక్ అంటున్నది ఇదే.

1873-74 చలికాలంలో ఆయన జబ్బుపడ్డారు. ప్రయాణాలు ఆగిపోయాయి. అప్పుడు గదిలోనే ఒక పెద్ద మడత తెర మీద వందలాది బొమ్మలు అతికించారు. దాని ఎనిమిది భాగాల్లో ఒకటి బాల్యానికి, ఒకటి నాటకశాలకు, ఒకటి డెన్మార్క్‌కు కేటాయించారు. మిగిలినవి స్వీడన్-నార్వే, జర్మనీ-ఆస్ట్రియా, ఫ్రాన్స్, ఇంగ్లండు, తూర్పు దేశాలకు. నడవలేని మనిషి తాను తిరిగిన లోకాన్నంతా మంచం పక్కకు తెచ్చుకున్నారు.

ఈ కథ చదివాక, బదిలీ మీద వెళ్ళిపోతున్న మా తరగతి అమ్మాయికి మేమూ ఒక పుస్తకం చేశాం. మొదటి పుటలో ఉన్న ఫొటోలన్నీ అతికించేశాం. కింద పూల డిజైన్ల గిఫ్టు కాగితం. చూస్తే పూలే కనిపించాయి, ముఖాలు కనిపించలేదు! ఆండర్సన్ తెరను గుర్తు చేసుకుని మళ్ళీ మొదలుపెట్టాం. ఆయన భాగానికొక విషయం పెట్టుకున్నట్టే మేము పుటకొక విషయం పెట్టుకున్నాం. ఒక పుట ఆటస్థలానికి, ఒకటి టిఫిన్ డబ్బాలకు, ఒకటి బస్సు ప్రయాణానికి. ప్రతి పుటలో ఒక్క ఫొటో పెద్దది, మిగిలిన రెండు మూడు చిన్నవి. డిజైను కాగితాన్ని పుటంతా పరచకుండా ఒక పక్కన పట్టీగా వేశాం. పాత పెళ్ళిపత్రికలు, క్యాలెండర్లు అందుకు బాగా పనికొచ్చాయి. ఫొటోకూ డిజైనుకూ మధ్య తెల్లకాగితపు అంచు వదిలితే ముఖాలు స్పష్టంగా కనిపించాయి. జిగురు పూసే ముందు అన్నీ పుట మీద పేర్చి, జరిపి చూసుకున్నాం. ఫొటో కింద ఊరి పేరు, తేదీ, ఒక వాక్యం రాశాం.

చివరి నాలుగు పుటలు ఖాళీగా వదిలాం. అవి ఆమె చేరబోయే బడి కోసం.

ఆండర్సన్ 1875 ఆగస్టు 4న, కోపెన్‌హాగన్ దగ్గర స్నేహితుల ఇంట్లోనే కన్నుమూశారు. ఆయన పుట్టినరోజు, ఏప్రిల్ 2, ఇప్పుడు అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం. మన బడుల్లో కొత్త సంవత్సరం మొదలయ్యేదీ, బెంచీ మీద కొత్త ముఖాలు కనిపించేదీ ఆ రోజుల్లోనే. ఇల్లు మారినా, ఊరు మారినా, ఒక కత్తెర, కొంచెం జిగురు, నాలుగు కాగితాలు ఉంటే మనం దాటివచ్చిన ఊళ్ళన్నీ మనతోనే ఉంటాయని ఆయన చూపించారు. ఈసారి అట్టపెట్టెలు కట్టేటప్పుడు ఆ పుస్తకానికి పైన కాస్త చోటు ఉంచుదాం.