నాడీకణములను చిత్రించిన కహాల్

స్పెయిను దేశమునందలి పెటిల్లా అను కొండపల్లెలో 1852వ సంవత్సరము మే 1వ తేదీన శాంటియాగో రామోన్ ఇ కహాల్ జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు. కుమారుడును వైద్యుడు కావలెనని ఆయన కోరిక. బాలునకు మాత్రము బొమ్మలు గీయుటయే లోకము. అల్లరికిని కొదువ లేదు. పదునొకండవ యేట తాను చేసిన ఫిరంగితో పొరుగువాని తోట తలుపును పేల్చి, కొన్ని దినములు చెరసాలలో గడపెను. విసిగిన తండ్రి వానిని కొన్నాళ్లు మంగలియొద్దను, కొన్నాళ్లు చెప్పులు కుట్టువానియొద్దను పనికి పెట్టెను.

1868లో తండ్రి శ్మశానమునుండి ఎముకలు తెచ్చి శరీరశాస్త్రము నేర్పసాగెను. ఆ యెముకలను చిత్రించుచు చిత్రించుచు కహాల్ వైద్యవిద్యపై మనసుపడెను. 1873లో పట్టభద్రుడై, సైనిక వైద్యుడుగా క్యూబాకు పోయి, మలేరియాతో కృశించి తిరిగివచ్చెను. పిదప ఆచార్యుడయ్యెను.

ఆ కాలమున మెదడంతయు తెగని వలవలె ఒకటే అల్లిక యని పెక్కురు పండితులు తలచుచుండిరి. ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్జీయు అట్లే నమ్మెను. సూక్ష్మదర్శినిలో మెదడు దట్టమైన అడవివలె కానవచ్చును. ఏ కొమ్మ ఏ చెట్టుదో తెలియదు. ఆ గోల్జీయే 1873లో వెండిలవణముతో కణములకు రంగు పట్టించు విధానమును కనుగొనెను. దాని వింత యేమన, అనేక కణములలో ఏ కొన్నియో మాత్రమే నల్లబడును. కహాల్ 1887లో దానిని చూచి, మెరుగుపరచి, పక్షి పిండముల మెదళ్లమీద ప్రయోగించెను. లేత దశలో ఆ అడవి ఇంకను పలుచగా నుండును గదా! 1888లో బార్సిలోనాలో ఆయనకు విషయము తేటపడెను. ప్రతి నాడీకణమును వేరు. వాని కొమ్మలు ఒకదానినొకటి సమీపించునేగాని కలసిపోవు. కన్నుచూచిన దానిని చేయి చిత్రించెను. తండ్రి వలదన్న విద్యయే ఇట్లక్కరకు వచ్చెను.

స్పానిషు భాషలోని ఆయన వ్రాతలను పరదేశీయులు చదువరైరి. 1889లో కహాల్ తన గాజుపలకలను, సూక్ష్మదర్శినిని వెంటగొని బెర్లినులోని శరీరశాస్త్రజ్ఞుల సభకు పోయెను. మొదట ఎవరును లక్ష్యపెట్టలేదు. వృద్ధుడైన కోలికర్ మాత్రము చూచి, తన పూర్వాభిప్రాయమును విడిచిపెట్టెను. అంతటి పండితుడు అట్లు చేయుట సామాన్యము కాదు.

అభ్యాసముచే ఈ కణముల కొమ్మలు పెరిగి సంబంధములు బలపడునని 1894లో లండను ప్రసంగమున కహాల్ ఊహించెను. జ్ఞాపకమును పరిశోధించువారు నేటికిని ఆ త్రోవనే నడచుచున్నారు. హైదరాబాదు హైటెక్ సిటీలో కంప్యూటర్లకు నేర్పు ఇంజనీర్లు వాడు న్యూరల్ నెట్‌వర్కులకును ఈ విడి కణముల భావమే మూలము. వానికి నేర్పుట యనగా సంబంధముల బలమును మార్చుటయే.

1906లో నోబెల్ బహుమానమును గోల్జీ, కహాల్ ఇరువురును పంచుకొనిరి. స్టాక్‌హోములో గోల్జీ తన ప్రసంగమున కహాల్ పక్షమునే ఖండించెను. మఱునాడు కహాల్ తన సాక్ష్యములను చూపెను. 1934 అక్టోబరు 17న ఆయన మాడ్రిడులో మరణించెను. కణముల నడుమనున్న సందు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో కంటికి కనబడినది 1950లలోనే.