రాని తుపాకుల కోసం నిరీక్షించిన వీరుడు - బాఘా జతీన్

హౌరా నుండి చెన్నపట్నం వచ్చే రైలుమార్గంలో, ఒడిశా ఉత్తరపు అంచున బాలేశ్వర్ పట్టణం ఉంది. బరంపురం, ఛత్రపురం వైపు నుండి కలకత్తా వెళ్ళే తెలుగు కుటుంబాలకు ఆ స్టేషను సుపరిచితమే. ఆ పట్టణ సమీపంలో, బుఢాబలంగ నదీ ప్రాంతాన, 1915 సెప్టెంబరు 9న అయిదుగురు విప్లవకారులు సాయుధ పోలీసు దళాన్ని ఎదుర్కొన్నారు. వారి నాయకుడు జతీంద్రనాథ్ ముఖర్జీ. దేశమంతా ఆయనను బాఘా జతీన్ అని పిలుచుకుంది. సప్తసముద్రాల ఆవల కొనుగోలు చేసిన వేలాది పాత సైనిక తుపాకుల కోసం ఆయన ఆ తీరంలో నిరీక్షించారు. అవి ఎటువంటి తుపాకులో, వాటి మంచిచెడ్డలు ఎవరు చూశారో తెలిసినప్పుడే ఆయన చేసిన త్యాగపు బరువు మనకు పూర్తిగా బోధపడుతుంది.

బాల్యం, ఉద్యోగం

జతీంద్రనాథ్ 1879 డిసెంబరులో నదియా జిల్లా కుష్ఠియా ప్రాంతంలోని కోయా గ్రామంలో జన్మించారు. ఆ ఊరు ప్రస్తుతం బంగ్లాదేశ్‌లో ఉంది. అయిదేళ్ళ ప్రాయంలోనే తండ్రి గతించగా, తల్లి శరత్‌శశి మేనమామల ఇంట ఆయనను పెంచారు. కృష్ణనగర్‌లోను, కలకత్తాలోను చదువుకుని, షార్ట్‌హ్యాండు నేర్చి, బెంగాలు ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం సంపాదించారు. 1906లో స్వగ్రామ సమీపాన తనపై దూకిన పులిని కేవలం కత్తితో చంపారు. ఆ పోరులో తగిలిన గాయాలకు దీర్ఘకాలం చికిత్స అవసరమైంది. బాఘా అనే బిరుదు ఆ సంఘటన నుండే వచ్చింది.

పగలు సర్కారు కొలువు, తక్కిన వేళల్లో రహస్య సంఘాల నిర్మాణం, ఇదీ ఆయన జీవితం. 1910లో హౌరా కుట్ర కేసులో అరెస్టయ్యారు. ఏడాదికి పైగా నిర్బంధంలో ఉండి, 1911లో విడుదలయ్యారు. ఉద్యోగం పోయింది. కుటుంబ పోషణకు కంట్రాక్టు పనులు చేపట్టారు. ఆ పనుల మీద ఊరూరా తిరుగుతూనే చెదిరిపోయిన విప్లవ బృందాలను ఒక్క తాటిపైకి తెచ్చారు.

ఆయుధాల కరవు

1914లో ఐరోపాలో మహాయుద్ధం మొదలయింది. భారతదేశంలోని సైన్యంలో పెద్ద భాగం విదేశీ యుద్ధరంగాలకు తరలిపోయింది. తిరుగుబాటుకు ఇదే అదనని విప్లవకారులు భావించారు. ఆయుధ చట్టం కారణంగా సామాన్యుని చేతికి మంచి తుపాకీ చిక్కే దారి లేదు. ఆ ఏడాది ఆగస్టు 26న కలకత్తాలోని రోడ్డా కంపెనీ సరకు నుండి 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు విప్లవకారుల వశమయ్యాయి. ఆ పిస్తోలుకు ఒక విశేషం ఉంది. దానిని భద్రపరిచే కొయ్య పెట్టెనే పిడి వెనుక తగిలిస్తే, భుజానికి ఆనించి రైఫిలు వలె పేల్చవచ్చు. అయినప్పటికీ యాభై పిస్తోళ్ళతో సామ్రాజ్యాన్ని కూల్చడం సాధ్యం కాదు. అందుచేత బ్రిటన్‌కు శత్రువైన జర్మనీ సహాయం కోరారు. జతీన్ అనుచరుడు నరేంద్రనాథ్ భట్టాచార్య మారుపేరుతో బటేవియా వెళ్ళి జర్మను ప్రతినిధులతో మంతనాలు జరిపారు. తరువాతి కాలంలో ఎం.ఎన్. రాయ్‌గా ప్రసిద్ధికెక్కినది ఈయనే.

అమెరికాలో కొనుగోలు

అప్పటికి అమెరికా తటస్థ దేశం. అక్కడి గదర్ పార్టీ భారతీయులు తిరుగుబాటుకు సన్నద్ధులవుతున్నారు. కనిగిరి ప్రాంతపు తెలుగువారు దరిశి చెంచయ్య కూడా ఆ పార్టీలో పనిచేసినవారే. జర్మను రాయబార కార్యాలయం తరఫున, క్రుప్ కంపెనీ ప్రతినిధి హాన్స్ టాషర్ ఆయుధాలు కొన్నారు. అమెరికా సైన్యం వదిలించుకున్న స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ళు ఎనిమిది వేలకు పైగా, తూటాలు సుమారు 40 లక్షలు.

ఈ రైఫిలు 1873 నాటి నమూనా. గొట్టం వెనుక ఉండే మూతను పైకెత్తి, ఒకే ఒక్క తూటా పెట్టి, మూత దించి పేల్చాలి. ప్రతిసారీ ఇదే తంతు. అందులో వాడేది నల్లమందు. పేల్చగానే దట్టమైన తెల్లని పొగ లేచి, పేల్చినవాని చోటు శత్రువుకు తెలిసిపోతుంది. 1892లో అమెరికా సైన్యం కొత్త నమూనాను స్వీకరించాక ఇవి పాతబడ్డాయి. 1915 నాటి బ్రిటిషు సైనికుని లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలులో పది తూటాలు పట్టేవి, పొగ స్వల్పం.

పాత తుపాకీ మంచిచెడ్డలు

పాతదైనంత మాత్రాన తుపాకీ పనికిరానిది కాదు. సైన్యం తీసివేసిన ఆయుధాలలో మేలైనవి ఉంటాయి, తుక్కు కూడా ఉంటుంది. ఎరిగినవాడు మొదట లోపల తూటా లేదని రూఢి చేసుకుంటాడు. తరువాత మూత తెరచి, గొట్టాన్ని వెలుతురు వైపు పట్టి లోపలికి చూస్తాడు. మెలి తిరిగిన గాడులు అద్దం వలె మెరుస్తూ, అంచులు పదునుగా ఉంటే గొట్టం మంచిది. నల్లమందు మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, పేల్చిన వెంటనే శుభ్రం చేయని గొట్టాన్ని తుప్పు తినివేసి గుంటలు పడతాయి. గాడులు అరిగితే గుండు గురి తప్పుతుంది.

పిమ్మట మూత బిగువుగా కూర్చుంటున్నదా, కదలిక ఉన్నదా అని చూడాలి. సుత్తిని సగం వెనక్కు లాగి నిలిపినప్పుడు, మీట నొక్కినా అది జారి పడరాదు. కొయ్య భాగంలో చేతితో పట్టుకునే సన్నని చోట పగుళ్ళు వస్తాయి. కొత్తగా పూసిన వార్నిషు వాటిని దాచవచ్చు. తూటాల పరీక్ష మరీ ముఖ్యం. ఇత్తడిపై పచ్చని చిలుము, కదిలే గుండు, చెమ్మ తగిలిన మందు ఉన్న తూటా పేలవలసిన వేళ పేలదు. వేల సంఖ్యలో సరకు కొనేటప్పుడు పై పెట్టెలే కాక అడుగున ఉన్నవీ తెరిపించి, కొన్నిటిని పేల్చి చూడడం వివేకం.

బాలేశ్వర్‌లో నిరీక్షించే జతీన్‌కు ఈ అవకాశం ఏదీ లేదు. సొమ్ము ఇచ్చినవారు ఒకరు, కొన్నవారు మరొకరు, ఆ తుపాకీ పట్టి ప్రాణం పణంగా పెట్టవలసినవారు వేరొకరు. గేదెను నీళ్ళలో పెట్టి బేరమాడినట్లయింది. జర్మనీ లక్ష్యం బ్రిటిషు సైన్యానికి ఇక్కడ చిక్కులు కల్పించడం. అందుకు పాత తుపాకులైనా చాలు. వాటిని నమ్ముకున్నవారికి మాత్రం అది జీవన్మరణ సమస్య.

సముద్రంపై

1915 మార్చిలో ఆయుధాలు యానీ లార్సన్ అనే తెరచాప ఓడపై శాన్ డియాగో నుండి బయలుదేరాయి. మెక్సికో తీరానికి దూరాన ఉన్న సొకొర్రో దీవి వద్ద వాటిని మావెరిక్ అనే చమురు నౌకలోకి మార్చాలి. రైఫిళ్ళను ఖాళీ ట్యాంకులో పేర్చి, వాటిపై చమురు నింపి దాచాలన్నది పన్నాగం. మావెరిక్ ఆలస్యమైంది. నీటి ఎద్దడితో యానీ లార్సన్ దీవిని విడిచి వెళ్ళిపోయింది. ఏప్రిల్ చివర మావెరిక్ చేరేసరికి అక్కడ ఓడ లేదు. రెండూ మళ్ళీ కలుసుకోలేదు. వేసవిలో యానీ లార్సన్ వాషింగ్టన్ రాష్ట్రంలోని హోక్వియమ్ రేవుకు చేరగా, అమెరికా అధికారులు ఆయుధాలను స్వాధీనం చేసుకున్నారు. మావెరిక్ ఖాళీగానే బటేవియా చేరింది.

ఇక్కడ సుందరవనాలలోని రాయ్‌మంగల్ వద్ద జూన్ మాసంలో మనుషులు ఓడ కోసం కాచుకున్నారు. బాలేశ్వర్‌లో యూనివర్సల్ ఎంపోరియం అనే దుకాణం రహస్య కేంద్రమయింది. జతీన్ మయూర్‌భంజ్ సంస్థానంలోని కప్తిపద ప్రాంతంలో తలదాచుకున్నారు. ఆయుధాలు రాగానే మద్రాసు రైలుమార్గాన్ని తెగగొట్టి, దక్షిణం నుండి సైన్యం రాకుండా అడ్డుకోవలసిన బాధ్యత ఆయనదే.

తుది పోరు

సెప్టెంబరు తొలి వారంలో పోలీసులు దుకాణాన్ని సోదా చేసి, కప్తిపద ఆచూకీ కనుగొన్నారు. తప్పించుకునే మార్గం ఉన్నా జతీన్ సహచరులను విడిచి పోలేదు. చిత్తప్రియ, మనోరంజన్, నీరేంద్రనాథ్, జ్యోతిష్‌లతో కలిసి అడవులు, పొలాల వెంట నడిచారు. వీరు బందిపోట్లనే ప్రచారం వ్యాపించడంతో గ్రామస్థులే వెంబడించారు. ఎవరి విముక్తి కోసం ఆయన ఇల్లు విడిచారో వారికే ఆయన ఎవరో తెలియదు.

9వ తేదీన చషాఖండ్ వద్ద ఒక మిట్టను ఆశ్రయించారు. ఎదుట రైఫిళ్ళు ధరించిన పోలీసులు. వీరి చేతుల్లో మౌజర్ పిస్తోళ్ళు. తాము స్వయంగా ఎరిగి, వాడి, శుభ్రపరచుకున్న ఆ కొద్దిపాటి ఆయుధాలతోనే గంటకు పైగా నిలిచారు. చిత్తప్రియ అక్కడికక్కడే ఒరిగిపోయారు. తీవ్రంగా గాయపడిన జతీన్ మరునాడు, సెప్టెంబరు 10న, బాలేశ్వర్ ఆసుపత్రిలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్ళు. మనోరంజన్, నీరేంద్రనాథ్‌లను ఉరి తీశారు. జ్యోతిష్‌కు ద్వీపాంతరవాస శిక్ష పడింది.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ళు చేరి ఉంటే విజయం తథ్యమని చెప్పలేము. ఒంటి తూటా తుపాకులతో, పొగ కమ్మే మందుతో, శిక్షణ లేని యువకులు సైన్యం ముందు ఎంతకాలం నిలిచేవారన్నది ఆలోచించవలసిన విషయమే. దూరదేశపు వాగ్దానం తీరం చేరలేదు. చేతిలో ఉన్నది, మనసులో ఉన్నది మాత్రమే ఆఖరి గడియలో అక్కరకు వచ్చాయి. 1970లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. కలకత్తాలో ఒక రైల్వే స్టేషనుకు ఆయన పేరు ఉంది. బాలేశ్వర్ మీదుగా పయనించే మనవారు ఆ స్టేషను రాగానే పిల్లలకు ఈ కథ ఒక్కసారి చెప్పగలిగితే, అదే ఆ వీరునికి తగిన నివాళి.