సేమోర్ క్రే

గణనయంత్ర నిర్మాతలలో అగ్రగణ్యుడైన సేమోర్ క్రే 1925వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన అమెరికాలోని చిపెవా ఫాల్స్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ఇంజనీరు. యుద్ధకాలమున సైన్యమందు పనిచేసి, పిదప మిన్నెసోటా విశ్వవిద్యాలయమున విద్యుచ్ఛాస్త్రమును గణితమును అభ్యసించి, 1951లో ఉన్నత పట్టమును బడసెను. 1957లో స్థాపితమైన కంట్రోల్ డేటా కంపెనీలో చేరిన యీతనికి సభలన్నను, కార్యాలయపు కాగితములన్నను గిట్టవు. కావున స్వగ్రామముననే ప్రయోగశాల నేర్పఱచుకొనెను. అందు పనిచేసినవారు 34గురు మాత్రమే, ఊడ్చువాడును అందులోనివాడే. 1963లో వారి 6600 యంత్రపు వార్త వెలువడగా, ఐ.బి.ఎం. అధ్యక్షుడు థామస్ వాట్సన్ తన అధికారులకు మిక్కిలి నిష్ఠురమైన లేఖ వ్రాసెను.

ఆ యంత్రపు రహస్యమును విద్యార్థులు పెండ్లివంటతో పోల్చుకొనవచ్చును. పప్పు ఉడుకువఱకు పోపు పెట్టరాదు. కాని అంతవఱకు కూరలు తరుగువాడు చేతులు ముడుచుకొని కూర్చుండనేల? 6600లో కూడుట, గుణించుట మొదలగు పనులకు వేర్వేరుగా 10 అంగములుండెను. ఏ అంగము ఖాళీగా నున్నది, ఏ ఫలితమునకై యెవరు వేచియున్నారు అను లెక్కను స్కోర్‌బోర్డు అను పట్టిక ఉంచుచుండెను. సిద్ధమైన ఆజ్ఞ ముందుగా నడచును. వరుస ప్రధానము గాదు. దీనిని రూపొందించిన ఖ్యాతి అధికముగా జేమ్స్ థారన్‌టన్‌ది. పెద్దపేరు నీడలో అతని పేరు మఱుగుపడుట న్యాయము గాదు.

ఒకే పనిని మరల మరల చేయు ఆజ్ఞల సముదాయమును లూపు అందురు; గారెలను వాయి తరువాత వాయిగా వేయుట వంటిది. లూపు చిన్నదైనచో ఆజ్ఞలను మాటిమాటికి స్మృతికోశమునుండి తేనక్కఱలేక, 8 పదములు పట్టు గూటిలో నుంచుకొనెడి యేర్పాటు 6600లో నుండెను. చిక్కు మఱియొకచోట వచ్చెను. రెండవ వాయికి సరకు సిద్ధమే, మనిషి సిద్ధమే; కాని మొదటి వాయికై కేటాయించిన పళ్లెమే దీనికిని కావలెను. అది ఖాళీ యగువఱకు క్రొత్త ఆజ్ఞ ఒక్కటియు బయలుదేరదు. ఈ ముడిని విప్పినవాడు ఐ.బి.ఎం. సంస్థవాడైన రాబర్ట్ టొమాసులో. 1967లో ప్రకటించిన వ్యాసమున ఆతడు, వంటకము ఏ పళ్లెములో నున్నదని గాక, ఏ వంటవాని చేతినుండి రానున్నదని చీటీ వ్రాసికొను పద్ధతిని చూపెను. దానితో మొదటి వాయి ముగియకమునుపే రెండవది ఆరంభింప వీలయ్యెను.

క్రే ఆ త్రోవ పట్టలేదు. 1969 నాటి 7600లో స్కోర్‌బోర్డునే విడిచిపెట్టెను. 1976లో లాస్ ఆలమోస్‌నకు చేరిన క్రే-1లో, ఒక్క ఆజ్ఞతో 64 సంఖ్యల వఱుసను నడిపించి, లూపు పనినే తగ్గించెను. నేటి యంత్రములలో రెండు మార్గములును గలవు. అయినను మన చేతి ఫోనులలో టొమాసులో వారసత్వమే యెక్కువ యని నా తలంపు.

వానల సూచనకై 1980 దశకాంతమున భారత ప్రభుత్వము ఢిల్లీకి తెప్పించిన క్రే ఎక్స్‌ఎంపి ఈతని పేరుతో వచ్చినదే; నిర్మాత మాత్రము స్టీవ్ చెన్.

1996లో క్రే మఱియొక క్రొత్త సంస్థను స్థాపించెను. ఆ సెప్టెంబరు 22వ తేదీన కొలరాడోలో మోటారు ప్రమాదమునకు లోనై, అక్టోబరు 5వ తేదీన తన 71వ యేట మరణించెను.