పుస్తకాలు కుట్టిన ఫారడే

మైకేల్ ఫారడే 1791లో లండన్ దగ్గర పేద కమ్మరి ఇంట జన్మించారు. బడి చదువు అంతంతమాత్రమే. 14వ ఏట బైండింగు షాపులో చేరి, కుట్టడానికొచ్చిన పుస్తకాలే చదివారు. చేవెళ్ల, మొయినాబాద్ హాస్టళ్లలో సీనియర్ల పాత పుస్తకాలకు అట్టలేసుకుని చదివిన మాకు ఆయన పరాయివారనిపించరు. 1812లో శాస్త్రవేత్త డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సు బైండు చేసి ఆయనకే పంపారు. 1813లో ఆ ప్రయోగశాలలోనే సహాయకుడయ్యారు. లెక్కలు మాలో చాలామందికిలాగే ఆయనకూ పెద్దగా రావు. అయినా 1831లో ఇనుప రింగుకు రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానిలో కరెంటు పెట్టినప్పుడూ తీసినప్పుడూ, దాన్ని తాకని రెండో చుట్టకు కలిపిన సూది కదలడం గమనించారు. నేడు సెల్‌ఫోన్‌ను వైరు గుచ్చకుండా పలకమీద పెట్టి చార్జింగ్ చేసేదీ ఈ సూత్రంతోనే. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామన్నా వద్దన్నారు. 1867లో కన్నుమూశారు.