లంద నుండి విశ్వవిద్యాలయమునకు : డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

లోకము చిన్నచూపు చూచిన వృత్తియందు శాస్త్రమును నిలిపి, దేశమునకు సంపదను, చేతిపనివారికి గౌరవమును చేకూర్చిన మహనీయులు అరుదు. అట్టివారిలో డాక్టర్ యలవర్తి నాయుడమ్మగారు అగ్రగణ్యులు.

వీరు 1922వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన, ఆనాటి గుంటూరు జిల్లాలో తెనాలి ప్రాంతమందలి యలవర్రు గ్రామమున రైతుకుటుంబమున జన్మించిరి. ఆ గ్రామము నేడు బాపట్ల జిల్లాలోనిది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పారిశ్రామిక రసాయనశాస్త్రమున పట్టము పొందిరి.

అట్టి పట్టము గల యువకునకు ఆనాడు వేరు దారులు లేకపోలేదు. వీరు మాత్రము తోళ్ల పరిశ్రమను ఎన్నుకొని, మద్రాసులోని చర్మ సాంకేతిక విద్యాలయమున చేరిరి. తోలు ముట్టిన చేతిని ఊరివారు దూరముగా నుంచిన కాలమది. లందలు ఊరి వెలుపలనే యుండెడివి. ఆ పనివాని నైపుణ్యమునకు విద్య యను పేరు లేకుండెను. రైతుబిడ్డ యొకడు చదువుకొని ఆ పనికి పూనుకొనుట సామాన్య విషయము కాదు. పిదప వీరు ఇంగ్లండులో శిక్షణ పొంది, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును గడించిరి.

పచ్చితోలులో కొలాజెన్ అను మాంసకృత్తు పోగులుగా అల్లుకొని యుండును. తడి తగిలినచో అది త్వరలో కుళ్లిపోవును. తంగేడుచెక్క, కరక్కాయ మున్నగువానిలోని వగరు పదార్థము ఆ పోగులను పెనవేసికొన్నపుడు తోలు చెడక నిలుచును. చర్మకారుడు తరతరములుగా అనుభవమున ఎరిగిన ఈ సంగతికి కారణమేమో రసాయనశాస్త్రము తెలుపును. ఈ రెండు జ్ఞానములను కలుపుటయే నాయుడమ్మగారి జీవితకార్యమయ్యెను.

మద్రాసు అడయారులో 1948లో శంకుస్థాపన జరిగిన కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు వీరు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా నుండిరి. అప్పటికి మన దేశము పచ్చితోళ్లను, సగము పదునైన తోళ్లను ఎగుమతి చేయుచుండెను. వానిని కొన్న దేశములు చెప్పులుగా, సంచులుగా మలచి అధిక లాభము నొందుచుండెను. పశువు ఇచ్చట, శ్రమ ఇచ్చట, లాభము వేరొకచోట. ఈ దుస్థితి తొలగవలెనన్న పరిశోధన గ్రంథములయందు మిగిలిపోక, పనివాని చేతికి అందవలెనని వీరు గ్రహించిరి. గాట్లు పడకుండ చర్మమును ఒలుచుట మొదలు పాదరక్షల తయారీ వరకు శిక్షణకు పూనుకొనిరి. పరిశోధనాలయమును మద్రాసు విశ్వవిద్యాలయముతో జతపరచి, తోలుపనిని ఇంజనీరింగు విద్యల సరసన నిలిపిరి. 1973లో భారత ప్రభుత్వము పచ్చితోళ్ల ఎగుమతిని నిలిపి, సగము పదునైన తోళ్ల ఎగుమతికి పరిమితి విధించి, తయారైన సరకును ప్రోత్సహించెను.

1971లో వీరు పద్మశ్రీ బిరుదమును పొందిరి. ఆ సంవత్సరమే దేశమందలి శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలికి డైరెక్టరు జనరలై, 1977 వరకు ఆ బాధ్యత వహించిరి. ప్రయోగశాలల జ్ఞానమును ఒక జిల్లా అభివృద్ధికి వినియోగింపవలెనన్న సంకల్పముతో కరీంనగర్ జిల్లాలో జరిగిన ప్రయోగము ఆ కాలము నాటిది.

1981లో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. తోళ్ల కంపు నెరిగిన శాస్త్రజ్ఞుడు, రాజకీయ, సామాజిక శాస్త్రములకు పేరెన్నికగన్న విద్యాలయమునకు అధిపతి యగుట విశేషము. చదువుకును శ్రమకును నడుమ నున్న అడ్డుగోడను కూల్చుటకు పాటుపడినవారికి ఆ పీఠము తగినదే. అయినను వీరు ఆ పదవిని 1982లోనే విడిచి మరల మద్రాసు చేరిరి. పదవి వీరికి పనిముట్టు మాత్రమే గాని గమ్యము కాదు.

1985 జూను 23వ తేదీన కెనడా నుండి వచ్చుచున్న ఎయిర్ ఇండియా కనిష్క విమానము బాంబు ప్రేలుటచే ఐర్లండు సముద్రతీరమునకు దూరముగా కూలిపోయెను. మరణించిన 329 మందిలో నాయుడమ్మగారు ఒకరు. తెనాలిలో వారి పేరిట శాస్త్రవేత్తలకు పురస్కారము నెలకొల్పబడినది.

పల్లెలోని బిడ్డ ఎంత ఎత్తునకు పోగలడో వారి జీవితము తెలుపును. ఎంత ఎత్తునకు పోయినను ఏ పనిని చులకన చేయరాదనియు అదే తెలుపును. గ్రంథాలయమునకు వచ్చు పిల్లలు ఈ రెండవ మాటను ముందుగా నేర్చుట మేలు.